ఈథర్‌నెట్: తీగలు, పెట్టెలు, ప్రొటోకాల్‌లు

ఒక ఇంట్లోనో, ఆఫీసులోనో, కాలేజీ ఆవరణలోనో ఉన్న కంప్యూటర్లను తీగలతో కలిపే పద్ధతుల్లో నేడు దాదాపు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది ఈథర్‌నెట్. ఇది ఒక కేబుల్ పేరు కాదు, ఒక యంత్రం పేరూ కాదు. తీగ మీద బిట్లు ఏ రూపంలో వెళ్లాలి, వాటిని ఎంత పొడవు ఫ్రేములుగా విడగొట్టాలి, ఫ్రేము మీద ఎవరి చిరునామా ఎక్కడ ఉండాలి, ప్లగ్గులో ఎన్ని పిన్నులు ఉండాలి అని చెప్పే ప్రమాణాల సముదాయం. వాటిని ఐ-ట్రిపుల్-ఈ సంస్థ 802.3 అనే సంఖ్య కింద వెలువరిస్తుంది. హబ్, స్విచ్, రౌటర్, లాన్ కార్డు, క్యాట్-6, మ్యాక్ అడ్రస్, ఐపీ అడ్రస్ వంటి మాటలన్నీ ఈ వ్యవస్థ చుట్టూ అల్లుకున్నవే. ఈ పరికరాలను వేరుచేసి గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: వచ్చిన సమాచారంలో ఈ పెట్టె ఏ చిరునామా దాకా చదువుతుంది?

పుట్టుక

1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఉన్న జిరాక్స్ పరిశోధన కేంద్రం ఆల్టో అనే కంప్యూటర్‌ను తయారుచేస్తోంది. మనిషికొక కంప్యూటర్ అన్నది అప్పటికి వింత ఆలోచన. అదే చోట లేజర్ ప్రింటర్ కూడా రూపుదిద్దుకుంటోంది. ఖరీదైన ఒక ప్రింటర్‌ను భవనంలోని కంప్యూటర్లన్నీ పంచుకోవాలంటే వాటిని కలిపే చౌకైన, వేగమైన దారి కావాలి. ఆ పని రాబర్ట్ మెట్‌కాఫ్ చేతికి వచ్చింది.

ఆయనకు దారి చూపింది హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం 1971లో నడిపించిన అలోహానెట్. దీవుల మధ్య రేడియోతో పనిచేసిన ఆ నెట్‌వర్క్‌లో వంతులు లేవు. పంపాల్సింది ఉన్నవాళ్లు పంపేస్తారు; రెండు సందేశాలు ఒకేసారి గాలిలో కలిసి చెడిపోతే, కొంతసేపాగి ఎవరిది వాళ్లు మళ్లీ పంపుతారు. పద్ధతి సులువే కానీ, రద్దీ పెరిగితే ఛానెల్ సామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి ఉపయోగపడదని లెక్క తేలింది. తీగ మీదైతే పంపేముందే వినవచ్చు, పంపుతూ కూడా వినవచ్చు. మెట్‌కాఫ్ చేసిన మార్పు ఇదే. 1973 మే 22న ఆయన రాసిన మెమోలో ఈథర్‌నెట్ పేరు మొదట కనిపిస్తుంది. కాంతిని మోసే మాధ్యమంగా 19వ శతాబ్దపు భౌతిక శాస్త్రవేత్తలు ఊహించిన ఈథర్ నుంచి ఆ పేరు తీసుకున్నాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈ విడ్డూరమైన అంకె వెనక సిద్ధాంతమేమీ లేదు. ఆల్టో కంప్యూటర్ గడియారపు టిక్కు 170 నానోసెకన్లు. బిట్టుకు రెండు టిక్కుల చొప్పున లెక్కేస్తే వచ్చేది అంతే.

మెట్‌కాఫ్ 1979లో జిరాక్స్ వదిలి త్రీకామ్ సంస్థను స్థాపించాడు. 1980లో డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఇంటెల్, జిరాక్స్ కలిసి 10 మెగాబిట్ల ప్రమాణాన్ని ప్రకటించాయి. 1983లో ఐ-ట్రిపుల్-ఈ దాన్ని కొద్ది మార్పులతో 802.3గా ఆమోదించింది. ఐబీఎం మాత్రం టోకెన్ రింగ్‌ను నమ్ముకుంది. అందులో ఒక టోకెన్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది, అది చేతికొచ్చిన యంత్రమే పంపాలి. ఎవరి వంతు ఎప్పుడో కచ్చితంగా చెప్పగల పద్ధతి అది. కాగితం మీద చూస్తే టోకెన్ రింగే క్రమశిక్షణ గలది. అయినా నెగ్గింది ఈథర్‌నెట్. కంప్యూటర్‌ను తీగకు కలిపే కార్డులను అనేక కంపెనీలు పోటీపడి తయారుచేయడంతో దాని ధర పడిపోయింది. టోకెన్ రింగ్ ధర అలా దిగలేదు.

ఒకే తీగ మీద అందరూ

తొలి ఈథర్‌నెట్‌లో స్విచ్‌లు లేవు. వేలెడు లావున్న కోయాక్సియల్ కేబుల్ ఒకటి, చాలాచోట్ల పసుపు రంగుది, భవనం పొడవునా సాగేది. పొడవు 500 మీటర్ల వరకు, దాని మీద ప్రతి 2.5 మీటర్లకు ఒక గుర్తు. ఆ గుర్తు దగ్గర కేబుల్‌ను కోయకుండా, లోపలి రాగి కడ్డీకి తగిలేలా ఒక సూది దింపి ట్రాన్సీవర్ బిగించేవారు. ఆ బిగింపును ఇంజినీర్లు వ్యాంపైర్ ట్యాప్ అని పిలిచేవారు. 10బేస్5 అనే పేరులోనే దీని వివరమంతా ఉంది: 10 మెగాబిట్లు, బేస్‌బ్యాండ్, 500 మీటర్లు. తరువాత వచ్చిన 10బేస్2లో సన్నని కేబుల్, బీఎన్‌సీ కనెక్టర్లు, 185 మీటర్ల హద్దు. రెండు కొసల్లోనూ 50 ఓముల టెర్మినేటర్ తప్పనిసరి. ఎవరైనా పొరపాటున ఒకటి పీకేస్తే సంకేతాలు కొసకు తగిలి వెనక్కి వచ్చి నెట్‌వర్క్ మొత్తం పడకేసేది. తప్పు ఏ బల్ల దగ్గర ఉందో తెలియక కొస నుంచి కొసకు వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

ఈ తీగ మీద పద్ధతి ఇదీ. పంపదలచిన కార్డు ముందు వింటుంది. ఎవరూ పంపడం లేదనుకుంటే పంపుతుంది. అదే క్షణంలో ఇంకో మూల నుంచి మరొకటి మొదలుపెడితే రెండూ ఢీకొంటాయి. ఆ సంగతి తెలియగానే రెండూ ఆపి, యాదృచ్ఛికంగా ఎంచుకున్న కాసేపు ఆగి, మళ్లీ ప్రయత్నిస్తాయి. రెండోసారీ ఢీకొంటే ఆగే గరిష్ఠ సమయం రెట్టింపవుతుంది. 16 సార్లు విఫలమైతే ఆ ఫ్రేమును వదిలేస్తాయి.

ఢీకొన్న సంగతి పంపిన కార్డుకు తెలియాలంటే, ఆ వార్త దూరపు కొస నుంచి తిరిగొచ్చే వరకు అది ఇంకా పంపుతూనే ఉండాలి. 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో ఇందుకు నిర్ణయించిన గడువు 51.2 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో పోయే బిట్లు 512, అంటే 64 బైట్లు. ఈథర్‌నెట్ ఫ్రేము 64 బైట్ల కంటే చిన్నది కాకూడదన్న నియమం ఇలా వచ్చింది. ఒక అక్షరం పంపాలన్నా మిగతా జాగాను సున్నాలతో నింపాల్సిందే. నేటి స్విచ్‌ల నెట్‌వర్క్‌లో ఢీకొట్టుకోవడమే లేదు. నియమం మాత్రం అలాగే ఉంది.

ఫ్రేము రూపం కూడా పెద్దగా మారలేదు. ముందు చేరాల్సిన కార్డు చిరునామా 6 బైట్లు, తరువాత పంపిన కార్డు చిరునామా 6 బైట్లు, లోపల ఏ ప్రొటోకాల్ సరుకు ఉందో చెప్పే 2 బైట్లు, 46 నుంచి 1500 బైట్ల వరకు సరుకు, చివర తప్పులు పట్టే 4 బైట్ల లెక్క. ఆ 6 బైట్ల చిరునామానే మ్యాక్ అడ్రస్ అంటారు. మొదటి సగం తయారీదారుకు కేటాయించిన సంఖ్య, రెండో సగం తయారీదారు ఇచ్చుకున్న వరుస సంఖ్య. నేటి ఫోన్లు గోప్యత కోసం ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి. కనుక అది పుట్టుమచ్చలా మారనిదన్న పాత మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు.

మెలి తిప్పిన రాగి

1990లో వచ్చిన 10బేస్-టి పసుపు కేబుల్‌కు కాలం చెల్లేలా చేసింది. టెలిఫోన్ తీగ లాంటి మెలి తిప్పిన జత తీగలు, ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో కేబుల్, అన్నీ వచ్చి చేరే నడిమి పెట్టె. ఒక కేబుల్ తెగితే ఒక కంప్యూటరే ఆగుతుంది. ఈ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది.

జతను మెలి తిప్పడం అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు తీసుకున్న ఉపాయం. జతలోని రెండు తీగలూ ఒకే సంకేతాన్ని ఒకదానికొకటి వ్యతిరేక ధ్రువాలతో మోస్తాయి. పక్కనున్న మోటారో, ట్యూబులైటో వెదజల్లే విద్యుత్ రొద మెలి వల్ల రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసలో రెండింటి తేడాను మాత్రమే చదువుతారు కాబట్టి రొద రద్దయి సంకేతం మిగులుతుంది. ఒకే కేబుల్‌లోని నాలుగు జతలు ఒకదాని రొద ఒకదానికి ఎక్కించకుండా వాటి మెలి బిగువులను కూడా వేర్వేరుగా ఉంచుతారు.

కేబుల్ మీద అచ్చేసే క్యాట్ అంకె దాని నాణ్యత తరగతి. క్యాట్-5ఈ 100 మెగాహెర్ట్జ్ వరకు, క్యాట్-6 250 వరకు, క్యాట్-6ఏ 500 వరకు పరీక్షకు నిలవాలి. గిగాబిట్ వేగానికి క్యాట్-5ఈ సరిపోతుంది. 10 గిగాబిట్లకు క్యాట్-6 మీద 55 మీటర్ల వరకే హామీ ఉంది, క్యాట్-6ఏ మీద 100 మీటర్లు. ఆ 100 మీటర్లలో గోడల్లో, కండ్యూట్ పైపుల్లో శాశ్వతంగా వేసేది 90. రెండు కొసల ప్యాచ్ కార్డులకు మిగిలేది 10.

కొసకు బిగించే పారదర్శకమైన ప్లగ్గును అందరూ ఆర్‌జె-45 అంటారు. క్రింపింగ్ టూల్‌తో నొక్కేముందు ఎనిమిది తీగలను ఒక వరుసలో పేర్చాలి. మన దగ్గర ఎక్కువగా పాటించేది 568బి వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలోకి నీలం జత దూరడం కొత్తవాళ్లకు తికమకగా ఉంటుంది. నడిమి రెండు పిన్నులు పాత టెలిఫోన్ లైనుకు సరిపోవాలని చేసిన ఏర్పాటు అది. రెండు కొసల్లోనూ ఒకేలా ఉంటే చాలు కదా అని రంగులను తోచినట్టు పేర్చేవాళ్లు ఉన్నారు. చవక టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలుగుతాయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ మూడు, ఆరు పిన్నులకు ఒకే మెలిలోని జత కాకుండా వేర్వేరు జతల తీగలు వెళ్లాయంటే రొదను రద్దుచేసే ఉపాయం పనిచేయదు. కేబుల్ పొడవయ్యే కొద్దీ ఫ్రేములు చెడిపోతుంటాయి, కారణం మాత్రం కంటికి కనిపించదు.

1995లో వచ్చిన 100 మెగాబిట్ల ఫాస్ట్ ఈథర్‌నెట్‌కు రెండు జతలు చాలు. 1999 నాటి 1000బేస్-టికి నాలుగూ కావాలి. ఒక్కో జత మీద రెండు దిక్కులకూ ఒకేసారి 250 మెగాబిట్లు నడుస్తాయి. గిగాబిట్ పోర్టులు ఉన్నా 100 దగ్గరే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది నీలం, గోధుమ జతల్లో సరిగా పడని క్రింపింగ్‌ను.

ఇదే కేబుల్ మీద కరెంటు కూడా పంపే పద్ధతి పీఓఈ. 2003 ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు, 2009లో 30, 2018లో 90 వరకు. సీసీటీవీ కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు పక్కన ప్లగ్ పాయింట్ లేకుండా పైకప్పు మీద నడిచేది దీనితోనే. బజారులో తక్కువ ధరకు దొరికే సీసీఏ కేబుల్, అంటే అల్యూమినియం మీద రాగి పూత వేసినది, ఇక్కడే మోసం చేస్తుంది. దాని నిరోధకత ఎక్కువ, తీగ వేడెక్కుతుంది, దూరపు కెమెరాకు చాలినంత వోల్టేజీ అందదు. పైన క్యాట్-6 అని అచ్చేసి ఉన్నా ప్రమాణం ప్రకారం అది క్యాట్-6 కాదు.

హబ్, స్విచ్, రౌటర్

హబ్ ఏ చిరునామానూ చదవదు. ఒక పోర్టులో వచ్చిన సంకేతాన్ని బలపరిచి మిగతా పోర్టులన్నిటికీ పంపిస్తుంది. పేరుకు నక్షత్రాకారపు తీగలైనా ప్రవర్తనలో అది పాత పసుపు కేబులే. ఢీకొట్టుకోవడాలూ అలాగే ఉంటాయి. ఇప్పుడు కొత్తవి దొరకడమే అరుదు.

స్విచ్ మ్యాక్ అడ్రస్ దాకా చదువుతుంది. దానికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. వచ్చిన ప్రతి ఫ్రేములో పంపినవారి చిరునామా చూసి, ఈ చిరునామా ఫలానా పోర్టులో ఉందని పట్టికలో రాసుకుంటుంది. తరువాత ఆ చిరునామాకు ఫ్రేము వస్తే ఆ పోర్టుకే పంపుతుంది. పట్టికలో లేకపోతే మాత్రం హబ్‌లా అందరికీ పంపుతుంది. తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో మార్కెట్లోకి తెచ్చింది భారత సంతతి ఇంజినీరు వినోద్ భరద్వాజ్ సహ వ్యవస్థాపకుడిగా ఉన్న కల్పన అనే అమెరికన్ సంస్థ. అందులో ఏడు పోర్టులు. 1994లో ఆ సంస్థను సిస్కో కొనేసింది.

రెండు స్విచ్‌లను ఒకటికి రెండు కేబుళ్లతో కలిపితే ఒకటి తెగినా రెండోది ఉంటుందని అనిపిస్తుంది. మామూలు స్విచ్‌లతో అది ప్రమాదం. అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఆ వలయంలో పడి ఆగకుండా తిరుగుతూ, ప్రతి చుట్టుకూ కొత్త నకళ్లు పుట్టిస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేములో ఇన్ని గెంతుల తరువాత చచ్చిపో అని చెప్పే అంకె లేదు. కొన్ని క్షణాల్లో నెట్‌వర్క్ అంతా స్తంభిస్తుంది. దీనికి మందు స్పానింగ్ ట్రీ ప్రొటోకాల్. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్‌లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించింది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒక దాన్ని మూలంగా ఎంచుకుని, వలయం ఏర్పరిచే పోర్టులను మూసి ఉంచుతాయి. ఉన్న దారి తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. చవకైన, సెట్టింగులు లేని స్విచ్‌లలో ఇది సాధారణంగా ఉండదు. చిన్న ఆఫీసుల్లో ఊడి కనిపించిన కేబుల్ కొసను ఎవరో అదే స్విచ్‌లో ఇంకో పోర్టుకు గుచ్చడం, నెట్ మొత్తం ఆగిపోవడం అందుకే జరుగుతుంది.

రౌటర్ ఫ్రేమును విప్పి లోపలి ఐపీ అడ్రస్‌ను, అంటే ఏ నెట్‌వర్క్‌లోని ఏ యంత్రానికి చేరాలో చెప్పే చిరునామాను, చదువుతుంది. ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు దాటించడం దాని పని. బ్రాడ్‌కాస్ట్‌లను దాటనివ్వదు. మన ఇళ్లలో రౌటర్ అని పిలిచే పెట్టెలో నిజానికి మూడు నాలుగు పరికరాలు కాపురం ఉంటాయి: రౌటర్, నాలుగు పోర్టుల స్విచ్, వైఫై యాక్సెస్ పాయింట్, ఫైబర్ కనెక్షన్ అయితే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ కూడా.

గాజు పోగు

100 మీటర్లు దాటితే రాగి చాలదు. ఆప్టికల్ ఫైబర్‌లో వెంట్రుకంత గాజు పోగు, దాని మధ్య కోర్. దగ్గర దూరాల మల్టీమోడ్‌లో కోర్ 50 లేదా 62.5 మైక్రాన్లు, దూరాల సింగిల్ మోడ్‌లో సుమారు 9 మైక్రాన్లు. గాజులోని మలినాలు తీసేస్తే కాంతి కిలోమీటర్ల దూరం పోగలదని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో భౌతిక శాస్త్ర నోబెల్ దక్కింది. ఇళ్లకు వచ్చే జీపాన్ పద్ధతిలో ఒకే పోగును కరెంటు అవసరం లేని స్ప్లిటర్లతో అనేక ఇళ్లకు చీలుస్తారు. అందరూ పంచుకునే వేగం దిగువకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఊళ్లకు ఫైబర్ చేర్చడంలో చెరో దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబుల్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాలను వాడుకుంది. స్తంభాల దారిలో పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. తుపానులు తరచూ తాకే తీరంలో మాత్రం స్తంభంతో పాటు కేబుల్ కూడా పడుతుంది. భూమిలోని దానికి గాలి భయం లేదు, జేసీబీ భయం ఉంది.

ఒక పేజీ తెరుచుకునే లోపు

హైదరాబాద్ అమీర్‌పేటలో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష శిక్షణకు చేరిన ప్రతివారికీ మొదట్లోనే చెప్పే పాఠం, నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడగొట్టి చూపే ఓఎస్ఐ నమూనా. పరీక్షకు అది అవసరమే. ఇంటర్నెట్ మాత్రం ఆ ఏడింటి లెక్కన కట్టింది కాదు. వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన ఆలోచన నుంచి ఎదిగిన టీసీపీ/ఐపీ మీద అది నడుస్తోంది. ఇంటర్నెట్‌కు పునాది అయిన అమెరికా నెట్‌వర్క్ అర్పానెట్ 1983 జనవరి 1న ఆ ప్రొటోకాల్‌లకు మారింది. పొరలను బట్టీపట్టే కంటే ఒక పేజీ ఎలా తెరుచుకుంటుందో వెంట నడిచి చూడటం మేలు.

ల్యాప్‌టాప్‌కు కేబుల్ గుచ్చగానే దానికి సొంత ఐపీ అడ్రస్ లేదు. ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారెవరని డీహెచ్‌సీపీ పద్ధతిలో బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. ఇంటి రౌటర్ 192.168.1.5 వంటి చిరునామాను కొంత గడువుకు ఇస్తుంది. దానితో పాటు బయటికి వెళ్లే గేట్‌వే ఎవరో, పేర్లు ఎవరిని అడగాలో కూడా చెబుతుంది. వెబ్‌సైట్ పేరు టైప్ చేయగానే డీఎన్ఎస్ ఆ పేరుకు ఐపీ అడ్రస్ తెచ్చిస్తుంది. ఆ చిరునామా మన నెట్‌వర్క్‌లోది కాదు కాబట్టి ప్యాకెట్‌ను గేట్‌వేకు అప్పగించాలి. కానీ తీగ మీద నడవాలంటే గేట్‌వే మ్యాక్ అడ్రస్ కావాలి. 192.168.1.1 ఎవరు అని అడిగి దాన్ని తెలుసుకునే పద్ధతి ఏఆర్‌పీ.

అక్కడి నుంచి ప్యాకెట్ రౌటర్ నుంచి రౌటర్‌కు గెంతుతూ పోతుంది. గెంతు గెంతుకూ పై ఫ్రేము మారుతుంది, మ్యాక్ అడ్రస్‌లు మారతాయి. చేరాల్సిన ఐపీ అడ్రస్ మారదు. పంపినవారి ఐపీ అడ్రస్ మాత్రం ఇంటి రౌటర్ దగ్గర ఒకసారి మారుతుంది. 32 బిట్ల ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లే. అందుకని ఇళ్లలో, ఆఫీసుల్లో ఎవరైనా వాడుకోదగ్గ ప్రైవేటు చిరునామాలు పెట్టి, రౌటర్ దగ్గర ఒకే బయటి చిరునామాగా మార్చే న్యాట్ పద్ధతి వచ్చింది. అంతర్జాతీయ కోటాలోని ఆఖరి ఐపీవీ4 గుత్తులు 2011 ఫిబ్రవరిలో పంపిణీ అయిపోయాయి. 128 బిట్ల ఐపీవీ6కు ఈ కరువు లేదు.

ఐపీ చేర్చడానికి ప్రయత్నిస్తుంది గానీ చేరుస్తానని మాటివ్వదు. ఆ హామీ టీసీపీది. ముందు మూడు సందేశాలతో సంబంధం కలుపుకుని, బైట్లకు వరుస సంఖ్యలు వేసి, అందినట్టు కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆలస్యాన్ని ఓర్చుకోలేని వీడియో కాల్ వంటి పనులకు ఏ హామీ లేని యూడీపీ నయం. పోయిన మాటను రెండు సెకన్ల తరువాత తెచ్చిస్తే ఎవరికీ పనికిరాదు. చివరికి ఆ సర్వర్‌లో ఏ సేవ కావాలో చెప్పేది పోర్టు సంఖ్య: సురక్షిత వెబ్‌కు 443, డీఎన్ఎస్‌కు 53, మెయిల్ సర్వర్ల మధ్య 25.

వేగం దగ్గర ఒక తికమక. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, ఫైల్ పరిమాణాన్ని కంప్యూటర్ బైట్లలో చూపిస్తుంది. 100 మెగాబిట్ల కనెక్షన్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. అందులోనూ 1500 బైట్ల ప్యాకెట్‌లో ఐపీ, టీసీపీ హెడర్లకు మామూలుగా 40 బైట్లు పోగా మిగిలేది 1460.

నెట్ రానప్పుడు వెతికే వరుస కూడా ఈ నడకలోనే ఉంది. పోర్టు దగ్గర దీపం వెలగకపోతే కేబుల్, ప్లగ్గు, పోర్టు చూడాలి; సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. దీపం వెలిగినా చిరునామా 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదు, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. చిరునామా సరిగానే ఉంటే గేట్‌వేను పింగ్ చేయాలి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూడాలి. 1983లో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రాం నేటికీ అందరూ మొదట పట్టుకునే పనిముట్టు. గేట్‌వే పలికి బయటి చిరునామా పలకకపోతే తప్పు సర్వీసు కంపెనీ వైపు ఉండవచ్చు. 8.8.8.8 వంటి బయటి చిరునామా పలుకుతూ పేర్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ సెట్టింగు మార్చి చూడాలి.